రాళ్లు కరిగించే కాయ: ఆశ ఎంత, ఆధారం ఎంత?

మూత్రపిండాలలో ఏర్పడే రాళ్లలో అధికభాగం కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలే. మూత్రం చిక్కబడిన కొద్దీ ఇవి పొరపై పొరగా పెరుగుతాయి. దశాబ్దాలుగా వైద్యులు ఇస్తున్న సిట్రేటు ఆ పెరుగుదలను మందగింపజేస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ రైమర్ బృందం మరొక అడుగు వేసి, హైడ్రాక్సీసిట్రేటు స్ఫటికాన్ని అంటిపెట్టుకొని, దాని అమరికలో ఒత్తిడి కలిగించి, కొన్ని పరిస్థితులలో కరిగించగలదని 2016లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. కన్నడ మలెనాడులో పులుపునకు వాడే ఉప్పగె కాయ తొక్కలో ఉన్నది ఈ పదార్థమే.

అయితే గాజుపాత్రలో కరిగిన స్ఫటికం వేరు, మనిషి కడుపులోని రాయి వేరు. ఆ పరిశోధనలో ఏడుగురికి మూడు రోజులు మాత్రలిచ్చి చూసినది, పదార్థం మూత్రంలోకి చేరుతున్నదా అన్నదొక్కటే. రాయి కరిగినదని కాదు. పైగా బరువు తగ్గుటకని అమ్మే గార్సీనియా మాత్రల వలన కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. సంతలో 'రాళ్ల మందు' అమ్మేవారు ఈ మాట చెప్పరు కదా!

ఇక ఒడిశా సరిహద్దున ఉద్దానాన్ని పీడిస్తున్నది రాళ్ల వ్యాధి కాదు. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. అక్కడి రోగులకు ఈ మాత్రలతో ఏ సంబంధమూ లేదు.