శిక్ష వేరు, శిక్షణ వేరు: ఒక నింజా ఆటపై నా అభియోగం



పాత వీడియో ఆటల కాఠిన్యాన్ని కీర్తించేవారు ఒక వర్గంగా బలపడి చాలాకాలమైంది. "ఆ రోజుల ఆటలు మనిషికి పట్టుదల నేర్పేవి, నేటి ఆటలు చేయి పట్టి నడిపిస్తున్నాయి, అందుకే నేటి పిల్లలు మెత్తబడ్డారు" అన్నది వారి సిద్ధాంతం. దానికి వారు తరచుగా చూపే నిదర్శనం టెక్మో సంస్థ 1988 డిసెంబరులో జపానులో వెలువరించిన నింజా ఆట. అక్కడ దాని పేరు 'నింజా ర్యూకెన్‌డెన్'. 1989లో అమెరికాకు చేరి 'నింజా గైడెన్' అయింది. 1991లో ఐరోపాకు వెళ్ళి 'షాడో వారియర్స్' అయింది. మూడు దశాబ్దాలు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ఆటతో పరిచయం మనుమడి ద్వారా కలిగింది. అతడు ఆడగా చూశాను, నేనూ ఆడాను. పై సిద్ధాంతం నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో విన్నవిస్తాను.

పూర్వపక్షానికి న్యాయం చేసిన తరువాతనే స్వపక్షం చెప్పడం మన శాస్త్రసంప్రదాయం. కనుక ముందుగా ఆటకు దక్కవలసిన గౌరవం దక్కనిద్దాం.

కథానాయకుడు ర్యూ హయబుసా. తండ్రి ద్వంద్వయుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన విడిచివెళ్ళిన లేఖను అనుసరించి కుమారుడు వంశఖడ్గం ధరించి, వాల్టర్ స్మిత్ అనే పురావస్తు పరిశోధకుణ్ణి వెదుకుతూ అమెరికాకు పోతాడు. ఆట మొత్తం ఆరు అంకాలు. అంకానికీ అంకానికీ నడుమ బొమ్మలతో, సంభాషణలతో కథ నాటకంలా సాగుతుంది. 256 కిలోబైట్ల చిన్న పెట్టెలో ఇంత కథ ఇమడ్చడం సామాన్యమైన పని కాదు.

ఇక దాని కాఠిన్యం. శత్రువులు చాలావరకు ప్రతిసారీ ఒకే తావున ఎదురవుతారు. చంపిన శత్రువు పుట్టిన తావు తెర అంచు దాటి మళ్ళీ తెరపైకి వస్తే, చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు. కాబట్టి జంకి వెనుకడుగు వేసేవాడికి శత్రువులు పెరుగుతారు, లయ తప్పక ముందుకు సాగేవాడికి దారి తెరుచుకుంటుంది. నాయకుడికి పదహారు గళ్ళ ప్రాణరేఖ ఉంది. అయితే దెబ్బ తగిలినప్పుడల్లా అతడు వెనక్కి ఎగిరిపడతాడు. వెనుక గోయి ఉంటే పదహారు గళ్ళూ నిండుగా ఉన్నా ప్రాణం దక్కదు. సరిగ్గా గోయి దాటే వేళ ఒక డేగ వచ్చి తాకుతుంది. మా మనుమడు ఆ డేగను తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయదగినవి కావు.

అయినా ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. డేగ ఎప్పుడు వస్తుందో రెండవసారికి తెలుస్తుంది, మూడవసారికి కత్తి సిద్ధంగా ఉంటుంది. ఎన్నిసార్లు ఓడినా మళ్ళీ ప్రయత్నించే అవకాశానికి లెక్క పెట్టలేదు. పడిన చోటికి కాస్త వెనుకనుండి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మన ఆలంకారికులు చెప్పే నారికేళపాకం ఇటువంటిదే. టెంకాయ పగలడం కష్టం, పగిలితే లోపల నీరూ ఉంది, కొబ్బరీ ఉంది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ, భారతకథగానూ అన్వయించాలి. విద్యార్థికి తల తిరుగుతుంది. కాని ఆ పద్యం ఎక్కడికీ పోదు. పుస్తకం అదే పుటలో తెరిచి పదిసార్లు అన్వయం కుదుర్చుకోవచ్చు.

నా అభియోగమంతా ఆరవ అంకం మీద.

ఆ అంకం చివర ముగ్గురు ప్రతినాయకులు వరుసగా ఎదురవుతారు. మొదటివాడి ముసుగు వెనుక ఉన్నది నాయకుని తండ్రే. రెండవవాడు ఆయనను బానిసగా చేసుకున్న జాకియో. మూడవది వాడు మేల్కొల్పదలచిన భూతం. ఈ ముగ్గురిలో ఎవరి చేతిలో ఓడినా, ఆట మనలను ఆ గది గుమ్మం ముందు నిలబెట్టదు. 6-1 దశకు, అంటే అంకం మొదటికి, తరిమివేస్తుంది. పేరుమోసిన 6-2తో సహా మూడు దశలు మళ్ళీ దాటాలి. ఒకసారి గెలిచిన ప్రతినాయకుణ్ణి మళ్ళీ గెలవనక్కరలేదన్న దయ ఒక్కటే మిగిలింది.

దీనిని నేను ఉపాధ్యాయుడిగా ఆక్షేపిస్తున్నాను. నేర్చుకోవడం అంటే తప్పుకూ దిద్దుబాటుకూ మధ్య దూరాన్ని తగ్గించడం. నాలుగవ పాదంలో గణం తప్పిన విద్యార్థికి నాలుగవ పాదమే చూపుతాం, అక్షరమాల దగ్గరికి పంపం. పదవ తరగతిలో గణితం ఒక్కటే తప్పినవాడు అనుబంధ పరీక్షలో గణితమే వ్రాస్తాడు, ఉత్తీర్ణుడైన తెలుగునూ సాంఘికశాస్త్రాన్నీ మళ్ళీ వ్రాయడు. ఇక్కడ జాకియోను ఒక్క నిమిషం అభ్యసించడానికి ముందుగా నేర్చిన మూడు పాఠాలను అప్పజెప్పాలి. అప్పజెప్పేసరికి జాకియో కదలికల జ్ఞాపకం చల్లారిపోతుంది. ఇది నైపుణ్యానికి పరీక్ష కాదు, తీరికకు పరీక్ష.

తీరిక అందరికీ సమానంగా ఉండదు. ఈ ఆటలో స్థానం భద్రపరచుకునే ఏర్పాటు లేదు, సంకేతపదమూ లేదు. యంత్రం ఆపితే అంతా పోయినట్లే. తొంభైలలో మన ఊళ్ళలోనూ ఈ యంత్రానికి అనుకరణలు టీవీలకు తగిలించుకొని పిల్లలు ఆడేవారు. వేసవి మధ్యాహ్నం కరెంటు పోవడం ఎంతసేపు? రెండు గంటల పట్టుదల ఒక్క క్షణంలో సున్నా. దానినే సహనశిక్షణ అని పొగడుదామా?

"అదంతా రూపకర్తల కళాదృష్టి, ప్రశ్నించరాదు" అనేవారికి మూడవ భాగం చరిత్ర గుర్తుచేస్తాను. 1991లో అది జపానులోనూ అమెరికాలోనూ వెలువడింది. జపాను ప్రతిలో ఓడినవాడు ఎన్నిసార్లయినా కొనసాగవచ్చు, సంకేతపదమూ ఉంది. అమెరికా ప్రతిలో కొనసాగింపులు అయిదుకు కుదించారు, సంకేతపదం తీసివేశారు, శత్రువుల దెబ్బల బలం పెంచారు. అదే సంస్థ, అదే కథ, అదే సంవత్సరం. కాఠిన్యం కళాదృష్టే అయితే సముద్రం దాటగానే ఎందుకు మారింది? ఆట త్వరగా ముగిస్తే సరుకు చిన్నదిగా కనబడుతుంది. వ్యాపారికి ఆ భయం ఉండటం సహజం, నేను నిందించను. ఆ భయానికి గురుత్వం అంటగట్టడాన్నే నిందిస్తాను.

కష్టాన్నీ దయనూ కలిపి ఇవ్వడం అసాధ్యమూ కాదు. ఈ ఆటను స్మరిస్తూ 2018లో వచ్చిన 'ది మెసెంజర్'లో నాయకుడు చనిపోతే ఒక చిన్న ఎర్ర భూతం అతణ్ణి దగ్గరి మజిలీకి చేర్చి, కూలిగా కాసేపు అతని రత్నాలు తినేస్తుంది. అదే ఏడు వచ్చిన 'సెలెస్ట్'లో పడినవాడు రెప్పపాటులో అదే తెరపై మళ్ళీ నిలబడతాడు. వాటిని సులభమైనవని ఆడినవారెవరూ అనరు.

ఇక "మధ్యలో భద్రపరచుకొని గెలిస్తే గెలుపు కాదు" అన్న తీర్పు. 2018 డిసెంబరులో ఈ ఆట నింటెండో స్విచ్ చందాదారులకు అందినప్పుడు కోరిన చోట భద్రపరచుకునే వీలు ఉంది. 2019లో వెనక్కి తిప్పే వీలూ చేరింది. ప్రతి దెబ్బకూ కాలాన్ని వెనక్కి తిప్పేవాడు పక్కవాడి పలక చూసి వ్రాసినవాడే, ఒప్పుకుంటాను. జాకియో గుమ్మం ముందు భద్రపరచుకొని ముప్ఫైసార్లు ఓడి ముప్ఫై ఒకటవసారి గెలిచినవాడు మాత్రం అభ్యాసి. అతణ్ణి మోసగాడనడం అభ్యాసాన్నే అవమానించడం.

సంస్కృతంలో 'శిక్ష' అంటే నేర్చుట, నేర్పుట. ఆరు వేదాంగాలలో ఒకటి శిక్ష, అది ఉచ్చారణ నేర్పే శాస్త్రం. తెలుగులో ఆ మాట దండనగా స్థిరపడి, నేర్పడానికి 'శిక్షణ'ను మిగిల్చింది. ఆ మార్పులో మన బడుల కథ కొంత దాగి ఉందని నా అనుమానం. బడి మానిన పిల్లలను చాలామందిని చూశాను. వారిలో మందబుద్ధులు తక్కువ. ఒక్క విషయంలో వెనుకబడి, "మొదటినుండి మళ్ళీ కూర్చో" అన్న మాట విని, మరి రానివారు ఎక్కువ. వారిని పట్టుదల లేనివారన్నాం. ఆట మధ్యలో వదిలేసిన పిల్లవాడినీ నేడు అదే మాట అంటున్నాం. తండ్రి ముసుగు తొలగడం చూసి, ఆ కథ ముగింపు చూడకుండానే వెళ్ళిపోయిన పిల్లలు ఎందరో!

నాతో విభేదించే మిత్రులను ఒక్క ప్రశ్న అడుగుతాను. 6-1 నుండి పదవసారి నడిచి వచ్చినవాడు, జాకియో గురించి ఆ నడకలో కొత్తగా నేర్చుకున్నది ఏమిటి?