దోనా ఆంతోనియా: పుణ్యమా, వ్యాపారమా?

తోటయు ధనమును పుట్టుకతోనే చేతికి వచ్చిన స్త్రీకి సాధింపవలసినదేమున్నది, అనుభవించుటయే గదా యనెడి మాట లోకమున బాగుగా పాతుకొనిపోయినది. ద్రాక్షతోటల వారసురాండ్ర విషయమున నీ మాట మఱింత సులువుగా చెల్లిపోవును. ఏలయన ద్రాక్షాసవమనగానే మనకు స్ఫటికపాత్రయు విందుబల్లయు స్ఫురించునే గాని తెగులును, అప్పును, అమ్ముడుపోని సరకును స్ఫురింపవు. ఈ మాట యెంత డొల్లయో తెలిసికొనగోరువారు, పందొమ్మిదవ శతాబ్దమున పోర్చుగల్ దేశపు డౌరో లోయలో జీవించిన దోనా ఆంతోనియా అడిలైడ్ ఫెరేరా చరిత్రను పరికింపవలెను.

ఆమె 1811లో ఆ లోయయందలి రేగ్వా ప్రాంతమున, పోర్ట్ ఆసవమును పండించి అమ్ముకొను వర్తకుల యింట జన్మించినది. 1834లో తన దాయాదియైన ఆంతోనియో బెర్నార్దో ఫెరేరానే వివాహమాడినది. అనగా, ఆతనికి సంక్రమించినదియు నా వంశపు సొత్తే, ఆమెకు సంక్రమించినదియు నా వంశపు సొత్తే. ఆతడు భోగములయందు ధనమును వెదజల్లి 1844లో పారిస్ నగరమున కన్నుమూసెను. 33 ఏండ్లకే వితంతువైన యామె యిద్దఱు బిడ్డలతో వ్యాపారమును నెత్తికెత్తుకొనినది. వారసత్వమే సర్వమును చేయునదైన యెడల, ఒకే యాస్తి భర్తచేతిలో కరగిపోవుటకును భార్యచేతిలో పెరుగుటకును హేతువేమో మన విమర్శకులు సెలవీయవలెను.

ఆ నేల యెట్టిదో కూడ చూడుడు. పలకరాతి కొండలను పగులగొట్టి, ఆ రాళ్లతోనే సున్నము లేకుండ గోడలు పేర్చి, మెట్టుమెట్టుగా మళ్లు కట్టినగాని అక్కడ తీగ నిలువదు. కోతల వేళ రాత్రులందు కూలీలు రాతితొట్టిలో పిక్కలు మునుగ దిగి, భుజములు కలిపి వరుసలు కట్టి, పండ్లను కాళ్లతో త్రొక్కుదురు. రసము పులియుచుండగా నడుమనే అందు ద్రాక్షసారాయిని కలుపుటచే పులియుట యాగి తీపి మిగిలిపోవును. అట్లు తయారైన పోర్ట్ ఆసవము పీపాలలో ఏండ్లతరబడి నిలువయుండి, నిలిచినకొలది విలువ పెరుగును. ఈ యొక్క లక్షణమే దోనా ఆంతోనియా వర్తకనీతికి కీలకము.

1850ల దశకమున బూడిద తెగులును, ఆ వెనుక వేళ్ల రసమును పీల్చి తీగలను చంపెడి ఫిల్లోక్సెరా పురుగును ఆ లోయను పాడుచేసినవి. తెగుళ్లకు తోడు, పంట యెక్కువై కొనువారు లేని యేండ్లును వచ్చినవి. అట్టి గడ్డుకాలమున నామె రైతులవద్ద ఆసవమును విస్తారముగా కొని తన కొట్లలో నిలువచేసినది. దీనిని జనులు దయాధర్మముగా కొనియాడుదురు. “బీదల తల్లి” యని కీర్తింతురు. ఆమె దయాళువు గాదని నేననను. కాని యిది ముందుచూపుగల వర్తకురాలి లెక్క. నేడు ధరలేని సరకు తీగలు చచ్చిన రేపు బంగారమగునని యామె గ్రహించినది. ఇట్టి లెక్కనే పురుషుడు వేసినచో మేధావి యందుము. స్త్రీ వేసినచో కరుణామూర్తి యని చేతులు దులుపుకొందుము!

మూలధనమున్నది గనుక ఓర్చుకొని నిలువగలిగినదందురా, ఒప్పుకొందును. చేతిలో పైకము లేని రైతులు మళ్లను విడిచి పోయిరి. పొదలు క్రమ్మిన యా పాడుమెట్లు నేటికిని డౌరో కొండలపై కానవచ్చును. ధనము ఆమెకు వ్యవధి నిచ్చినది. అయితే ధనవంతులందఱు నా వ్యవధిని సరకు కొనుటకు వాడిరా?

1861లో డౌరో నది సుడిగుండమున పడవ తలక్రిందులై, ఆంగ్ల వర్తకుడు జోసెఫ్ ఫారెస్టర్ మునిగిపోగా, ఆంతోనియా తన వెడల్పాటి పావడా తేలుటచే బ్రదికినదని యొక కథ కలదు. ఆమె పేరు విన్నవారిలో పెక్కుమంది యెఱిగినది ఈ పావడానే. పుట్టుక, పావడా, దయ: ఈ మూటికిని వాటాలు పంచిన లోకము తెలివికి మాత్రము చిల్లిగవ్వ విదల్పలేదు.

1877లో, 66 ఏండ్ల ప్రాయమున, ఎగువ లోయయందు ఎన్నడును సేద్యమెఱుగని బీడును కొని వాలె మెయావ్ తోటను వేయించినది. అప్పుడు నాటిన తీగ ఫలమును తాను చిరకాలమనుభవింతునని యా వయస్సున నెవరనుకొందురు? 1896లో ఆమె మరణించినది. 1952లో ఆసవనిపుణుడు ఫెర్నాందో నికొలావ్ ద అల్మేదా ప్రధానముగా ఆ తోటపండ్లతో “బార్కా వెల్యా” యను ప్రసిద్ధమైన ఆసవమును మొదట తయారుచేసెను. ఆతని నేర్పును మెచ్చుకొనువారు వేలకొలదిగ నున్నారు, మెచ్చుకొనవలసినదే. ఆ బీడును ఏరి కొన్న ముసలమ్మ యెవరని యడుగువారు మాత్రము అరుదు.