ఓడే చోట పార్టీ ఎందుకు ఖర్చు పెడుతుంది?

గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం మండలాల అన్నలారా, అక్కలారా, ఇది మొదట మీకోసం. మిగతా తండాల్లో, గూడేల్లో ఉన్నవాళ్లు కూడా చదవండి. లెక్క అందరిదీ ఒకటే.

తనకు ఓట్లు రాలని చోట ఒక పార్టీ డబ్బు ఎందుకు పెడుతుంది? ప్రజల మీద ప్రేమతో అని చెప్తారు. సరే, ఆ ప్రేమ ఏ ఊళ్లకు పోయిందో చూద్దాం.

కుప్పం తీసుకోండి. 1989 నుంచి చంద్రబాబు నాయుడు అక్కడ ఓడిందే లేదు. 2019లో 151 సీట్లు గెలిచిన వైఎస్సార్‌సీపీకి ఆ ఒక్క సీటు కంట్లో నలుసైంది. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీ గెలిచారు. 2022లో కుప్పాన్ని రెవెన్యూ డివిజన్ చేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ముఖ్యమంత్రి జగన్ స్వయంగా వచ్చి మున్సిపాలిటీలో 66 కోట్ల పనులకు శంకుస్థాపన చేశారు. తమ అభ్యర్థిని గెలిపిస్తే మంత్రిని చేస్తామన్నారు. 2024 ఫిబ్రవరి 26న హంద్రీ–నీవా కుప్పం కాలువకు నీళ్లు వదిలారు. మూడు వారాలు తిరగకముందే ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఫలితం? 2019లో 30,722 ఉన్న చంద్రబాబు మెజారిటీ 2024లో 48,006 అయింది.

ఇది ఒక్క పార్టీ జబ్బనుకుంటే పొరపాటే. పులివెందుల చూడండి. 2014లో అధికారంలోకి వచ్చిన టీడీపీ అక్కడ అదే పని చేసింది. 2017 జనవరిలో పైడిపాలెం ఎత్తిపోతలను ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రారంభించారు. పులివెందులకు నీళ్లిచ్చింది మేమేనని ఊరూరా చెప్పారు. 2014లో 75,243 ఉన్న జగన్ మెజారిటీ 2019లో 90,110కి పోయింది.

ఈ రెండు ఊళ్ల జనాన్ని నేను తప్పుపట్టను. నీళ్లు తాగినారు, ఓటు తమకు నచ్చినోళ్లకు వేసినారు. అది వాళ్ల హక్కు. ఆ డబ్బు పార్టీది కాదు, ఖజానాది. మీరు అగ్గిపెట్టె కొన్నా అందులో పన్ను కడతారు, ఆ పన్నులో నుంచి పోయిన సొమ్మే అది. నా గొడవ వేరే. ఎదుటి పార్టీ నాయకుడి సొంత సీటు కాబట్టి కుప్పానికి, పులివెందులకు అంత పట్టింపు. పేరున్న శత్రువు లేని ఊరి గతి ఏమిటి? మన తండా ఎవరి కంట్లో నలుసు?

ఇప్పుడు కొండల మీదికి రండి. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వుడు అసెంబ్లీ సీట్లు 7. 2014లో టీడీపీ వాటిలో గెలిచింది ఒక్క పోలవరం. అలాంటి చోట ఆ పార్టీ ఏం పెట్టుబడి పెట్టింది? 2014 జూన్ నుంచి 2018 నవంబరు దాకా మంత్రివర్గంలో ఒక్క ఎస్టీ మంత్రి లేడు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లు బాక్సైట్ తవ్వకాలకు. ఏజెన్సీ భగ్గుమన్నాక దాన్ని పక్కన పెట్టారు, రద్దయింది మాత్రం 2019లో ప్రభుత్వం మారిన తర్వాతే. మరోవైపు అరకు, పాడేరు, రంపచోడవరం ఎమ్మెల్యేలు ఒక్కొక్కరుగా వైఎస్సార్‌సీపీ వదిలి అధికార పార్టీలోకి చేరిపోయారు. ఓటరు మనసు గెలవలేకపోతే ఓటరు గెలిపించినోణ్ణి చేర్చుకోవడం, ఇదీ వాళ్లకు తెలిసిన దగ్గరి దారి. 2019లో జనం జవాబు చెప్పారు. 7కి 7 సీట్లూ వైఎస్సార్‌సీపీకే.

ఇంకో రకం పెట్టుబడి ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. పేరు తీర్మానం. వాల్మీకి బోయలను ఎస్టీల్లో చేర్చాలని 2017లో టీడీపీ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానం చేసింది. 2023లో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం మళ్లీ చేసింది. చేర్చాల్సింది పార్లమెంటు అని ఇద్దరికీ తెలుసు. సీమలో బోయల ఓట్ల మీద ఆశ పెట్టుకొని, ఏజెన్సీలో ఆదివాసీల గుండెల్లో భయం పెట్టారు. బోయ సోదరుల పేదరికం నిజం. దానికి వేరుగా నిధులు ఇవ్వొచ్చు, ఎవరు వద్దన్నారు? అది చెయ్యకుండా ఇద్దరు పేదోళ్లను ఎదురెదురుగా నిలబెట్టి, పోయి ఓట్లు అడుక్కున్నారు.

ఓడే చోట పార్టీ పనిచెయ్యడం తప్పని నేను అనడం లేదు. చెయ్యాలి. అమెరికాలో 2005లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్షుడైన హోవర్డ్ డీన్ 50 రాష్ట్రాల్లోనూ, ఎప్పుడూ ఓడే రాష్ట్రాల్లో కూడా, పార్టీ డబ్బుతో జీతమిచ్చి కార్యకర్తలను పెట్టాడు. సొంత పార్టీ పెద్దలే డబ్బు దండగన్నారు. 2008లో ఆ పార్టీ 1964 తర్వాత మొదటిసారి ఇండియానా, వర్జీనియా గెలిచింది. గెలుపుకు వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. తేడా గమనించండి. అక్కడ పెట్టింది పార్టీ సొంత డబ్బు, పెట్టింది మనుషుల మీద. ఇక్కడ పెట్టేది మన ఖజానా డబ్బు, పెట్టేది శిలాఫలకాల మీద.

మరి మన సంగతి? రాయలసీమలో 52 అసెంబ్లీ సీట్లు. ఎస్టీ సీటు ఒక్కటీ లేదు. మడకశిర ఎస్సీ రిజర్వుడు. మన సుగాలి, ఎరుకల, యానాది కుటుంబాలు ఊరికి కొన్ని, తండాకు కొన్ని చెదిరి ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి ఐదో షెడ్యూలు రక్షణ మనకు లేదు. ఏ పార్టీ లెక్కలోనూ మనం గెలిచే చోటు కాదు, ఓడే చోటూ కాదు. అసలు లెక్కలోనే లేం.

అయితే ఒక సంఖ్య గుర్తుపెట్టుకోండి: 351. 2024లో మడకశిరలో టీడీపీ గెలిచిన మెజారిటీ అంతే. రెండు మూడు తండాల ఓట్లు. కాబట్టి వచ్చేసారి రెండు పార్టీలూ గుడిబండకు కచ్చితంగా వస్తాయి. సంచులతోనే వస్తాయి. మనం ఏం అడగాలో ఇప్పుడే తేల్చుకుందాం.

అడగాల్సింది ఇప్పటికే చట్టంలో ఉంది. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. జనాభా ఎంతో నిధుల్లో వాటా అంత అని అది చెబుతుంది. మీరు ఎవరికి ఓటేశారు అని ఆ చట్టం అడగదు. అందుకే ఏ పార్టీకీ దాని మీద ప్రేమ లేదు. ఆ డబ్బుతో ఎవరి బొమ్మా పెద్దది కాదు కదా.

ఇంటికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ మూడు అడగండి. ఒకటి, ఈ మండలంలో ఎస్టీ ఉప ప్రణాళిక నిధులతో ఏ తండాలో ఏ పని చేశారో సచివాలయం గోడ మీద రాయిస్తారా? రెండు, ఖర్చు కాని సొమ్ము తర్వాతి ఏడాదికి చేరేలా తెలంగాణ 2017లో చట్టం చేసింది, ఇక్కడ కూడా ఆ హామీ ఇస్తారా? మూడు, మీరు ఓడిపోతే ఈ పని ఆగుతుందా, సాగుతుందా?

మూడో ప్రశ్నకు నీళ్లు నమిలేవాడు పెట్టేది పెట్టుబడి కాదు, ఎర. వాణ్ణి మర్యాదగానే సాగనంపండి. చట్టం చూపించి అడిగే పని మాత్రం ఈ గ్రామసభ నుంచే మొదలుపెట్టండి, ఎన్నికల దాకా ఆగొద్దు.

మాకు దానం వద్దు. మా వాటా మాకు లెక్కతో ఇవ్వండి.