కుర్చీ మారినా ఇల్లు మారదు!

కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతంలో వానలు మొహం చాటేస్తే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు, కూలిపనులకు బెంగళూరు వైపు బయల్దేరే పెద్దల వెంట పిల్లలూ వెళ్తుంటారు. నెలల తర్వాత తిరిగొచ్చి బడిలో కంప్యూటరు ముందు కూర్చుంటే... అప్పుడు వేసిన బొమ్మ, సగం రాసిన ప్రాజెక్టు ఉంటాయా? ఒకే కంప్యూటరును పదిమంది వాడేచోట ఈలోగా ఎవరైనా చెరిపేసి ఉండొచ్చు.

ఈ చిక్కు పెద్ద పెద్ద విద్యాసంస్థలకూ ఎదురైందే. అమెరికాలోని ఎంఐటీ 1983లో 'ప్రాజెక్ట్ ఎథీనా' మొదలుపెట్టినప్పుడు ఏ విద్యార్థి ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా తన ఫైళ్లు తనకు కనిపించాలనుకుంది. అందుకే వాటిని సర్వర్లలో దాచింది. సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్ అయితే, ఎక్కడో ఉన్న ఫోల్డరును సొంత డిస్కులో ఉన్నట్టే చూపించింది.

ఇదెలా పనిచేస్తుందంటే... సర్వర్లో ప్రతి విద్యార్థికీ ఒక 'హోం' ఫోల్డరు ఉంటుంది. పేరు, పాస్‌వర్డ్ కొట్టగానే ఎదుటి కంప్యూటరు ఆ ఒక్క ఫోల్డరునే తెచ్చి తగిలించుకుంటుంది. దీన్నే మౌంట్ చేయడం అంటారు. లైనక్స్‌లో ఈ పని 'ఆటోఎఫ్‌ఎస్' చూసుకుంటుంది. కాసేపు ఎవరూ వాడకపోతే దానంతటదే విడదీసేస్తుంది. ఐదొందల మంది ఉన్నా అందరి ఫోల్డర్లనూ ఎప్పుడూ తగిలించి ఉంచక్కర్లేదు. ఈ సాఫ్ట్‌వేర్లు ఉచితం. గదిలోని కంప్యూటర్లను కేబుళ్లతో కలిపితే చాలు, ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది!

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కంప్యూటరు మనిషిని పేరుతో కాదు, సంఖ్యతో గుర్తిస్తుంది. ఒకచోట లక్ష్మికిచ్చిన సంఖ్య మరోచోట రాజుకిస్తే ఆమె ఫైళ్లు అతడికి తెరుచుకుంటాయి. కాబట్టి వాడేవారి జాబితా అన్ని కంప్యూటర్లకూ ఒకటే ఉండాలి. ఇక, సర్వర్ ఆగితే అందరి ఇళ్లకూ ఒకేసారి తాళం పడుతుంది. దానికి యూపీఎస్, రోజూ మరో డిస్కులోకి కాపీ ఉండాల్సిందే.

ఏడాది చివర్లో పాత ఖాతాలు తీసేసే మాస్టార్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. నెలలుగా తెరవనంత మాత్రాన అది అక్కర్లేని ఫోల్డరు కాదు. కోతలు అయిపోయాక దాని సొంతదారు తిరిగి రావచ్చు.