బదిలీ సామానులో ఒక బొంత

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో ముందుగా పారేసేది పాత బట్టలనే. అది తప్పని మా అభిప్రాయం.

మన తెలుగు ఊళ్లలో పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుడతారు. అలాంటిదే బెంగాల్లో కాంథా, బీహార్లో సుజని, ఉత్తర కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి. భాష రాని కొత్త ఊళ్లలో ఇరుగుపొరుగు వారితో గుడ్డముక్కలు మార్చుకుంటూ, కలిసి కుడుతూనే మేం నాలుగు మాటలు నేర్చుకున్నాం.

ఫొటోలు చాలవా అంటారేమో. చలిరాత్రి ఫొటో కప్పుకోలేం కదా! ఈసారి టీసీ తీసుకునే ముందు స్నేహితులతో చేతిరుమాలంత పాతగుడ్డ ఒకటి మార్చుకోండి. పెద్దల సాయంతో బొంతకు కలిపి కుట్టండి.

"మీ సొంతూరు ఏది?" అని ఎవరైనా అడిగితే తడబడనక్కర్లేదు. బొంత పరిచి అన్ని ఊళ్లూ చూపించండి.