మెరిసే పూతా... నిలిచే పూతా?

నందిగామలో మా పెద్దమ్మగారింటి అరుగు మీద ఓ టేకు బల్ల ఉంది. పెదనాన్న వాళ్ల నాన్నగారు చేయించింది. పొద్దున పేపరూ, సాయంత్రం కబుర్లూ అన్నీ దాని మీదే. రెండేళ్ల కిందట చెల్లి పెళ్లికి ఇంటికి రంగులేయిస్తూ, పనిలో పనిగా దానికీ వార్నిష్ కొట్టించారు. పెళ్లినాటికి అద్దంలా మెరిసింది. ఒక్క వేసవి గడిచేసరికి పాము కుబుసంలా పొరలు పొరలుగా లేచింది. కూర్చుంటే చాలు, బట్టలకు పెచ్చులు! 'దీన్ని అమ్మేసి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకుందామే' అంది పెద్దమ్మ. పెదనాన్న ఏమీ అనలేదు. ఆయన పుట్టకముందు నుంచీ ఉన్న బల్ల అది.

తప్పు వడ్రంగిదా? వార్నిష్‌దా? రెంటిదీ కాదు... ఎంపికది. ఇంట్లో మంచానికి వేయాల్సిన పూతను, పడమటి ఎండ నేరుగా కొట్టే బల్లకు వేయించారు.

ఎండే మొదటి శత్రువు

ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పేరు మారినా నందిగామ, జగ్గయ్యపేటల ఎండ మారలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడివారికి కొత్త కాదు. ఆరుబయట చెక్క అనగానే మనం వాననే తలచుకుని భయపడతాం. కానీ ముందు దెబ్బ తీసేది ఎండే. చెక్కలోని పీచుల్ని పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడతాయి. బయట వదిలేసిన చెక్క బూడిదరంగుకు తిరిగేది అందుకే. రంగులేని వార్నిష్ వేస్తే ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి వచ్చినట్టే లోపలికి వస్తాయి. పూత కింది చెక్క పైపైన పొడిబారిపోతుంది. పట్టు పోయాక పూత ఎంత గట్టిదైతే ఏం లాభం?

ఆపైన వాన. తడికి చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. గట్టి పూత అంత సాగలేదు, చిట్లుతుంది. ఆ చిట్లులోంచి దిగిన నీరు బయటికి రాలేక లోపలే కూర్చుంటుంది. పుచ్చు మొదలయ్యేది అక్కడే.

దేనికేది?

లక్కను స్పిరిట్‌లో కరిగించి వేసే పాలిష్ ఇంట్లో సామానుకే. నీళ్లు పడితే తెల్లమచ్చలు, వేడికి మెత్తబడటం దాని గుణం. ఏటికొప్పాక లక్కబొమ్మల్ని ఎండావానల్లో పెట్టం కదా! మెలమైన్, ఎన్‌సీ లక్కర్ కూడా ఇంటి లోపలికే.

వరండాలో నీడపట్టున ఉండే కుర్చీలకు పీయూ మంచిదే. అయితే డబ్బా మీద 'ఎక్స్‌టీరియర్' అని ఉందో లేదో చూడండి. యూవీ కిరణాల్ని తట్టుకునే రకం అదే. దీంతో ఒకటే చిక్కు. ఒకచోట లేస్తే అక్కడికి అతుకు వేస్తే కలవదు. మొత్తం గీకి మళ్లీ వేయాల్సిందే.

పెరట్లోని వేపచెక్క బెంచీ, తోటలోని తుమ్మ స్టూలు... వీటికి ప్రైమర్ మీద ఎనామిల్ రంగును మించింది లేదు. రంగులోని పొడే గొడుగులా ఎండను అడ్డుకుంటుంది. చెక్క చారలు కనిపించవు, అదొక్కటే లోటు.

చారలు కనిపించాలి, ఎండలోనే ఉండాలి అంటే నూనె పూత. డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె. ఇది చెక్క మీద పొర కట్టదు, లోపలికి ఇంకుతుంది. లేచిపోవడానికి పొరే లేదు! అయితే నూనె ఒక్కటే ఎండను పెద్దగా ఆపలేదు. బయటి చెక్క కోసం కొద్దిగా రంగు కలిపి అమ్మే నూనెలైతే మరికాస్త నయం. ఏదైనా ఏటా ఒకటి రెండుసార్లు మళ్లీ పట్టించాలి. ఆ పని ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు. వంటింట్లోని కొబ్బరినూనె, ఆముదం మాత్రం వద్దు. అవి ఆరవు, దుమ్మును పట్టుకుని జిడ్డుగా ఉండిపోతాయి.

ఒక హెచ్చరిక. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి, వాటంతట అవే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

పూతకు ముందు

పూత కన్నా ముందు పని ముఖ్యం. పాత వార్నిష్ పూర్తిగా గీకి, ఉప్పుకాగితం పట్టాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పీయూ వేసేముందు థిన్నర్‌తో తుడవాలి. కాళ్ల అడుగులు, పలకల చివర్లు మరచిపోవద్దు. కోసిన చివర్ల నుంచే చెక్క ఎక్కువ నీరు తాగుతుంది.

తడి చెక్క మీద ఏ పూతా వద్దు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కుండపోత కురిసి మునేరు పొంగినప్పుడు ఈ వైపు ఎన్నో ఇళ్లలో సామాను నానిపోయింది. అలా నానినదాన్ని నేరుగా ఎండలో పెడితే పగులుతుంది. నీడలో, గాలి తగిలేచోట వారాల తరబడి ఆరాకే పూత గురించి ఆలోచించాలి. మామూలుగా అయితే దీపావళి వానలు వెనకబడ్డాక, శివరాత్రి లోపు మంచి సమయం. మండుటెండలో వేస్తే పూత చెక్కను పట్టుకునేలోపే ఆరిపోతుంది.

ఇంతకీ పెద్దమ్మగారి బల్ల ఏమైంది? అమ్మలేదు. పెదనాన్నే రెండు రోజులు కూర్చుని వార్నిష్ అంతా గీకేశారు. నూనె పట్టించారు. అద్దంలా మెరవడం లేదు. కానీ మొన్న వేసవి గడిచినా పెచ్చు లేవలేదు. సంక్రాంతికి ముందు ఇంకోసారి పట్టించాలట. 'ఏటా ఈ చాకిరీ ఏంటండీ' అని పెద్దమ్మ విసుక్కుంటే ఆయన నవ్వేశారు.

'మనిషికి ఏటా తలంటు పోయట్లేదూ... బల్లకీ అంతే!'