మంచం కింద నిప్పు

మేడ్చల్ నుంచి ఒక తల్లి రాస్తున్నారు: "మా అబ్బాయి షామీర్‌పేటలో ఉన్న స్నేహితుడితో కలిసి పాత లాప్‌టాప్‌లలోని లిథియం సెల్స్ తీసి సైకిలుకు బ్యాటరీ కడుతున్నాడు. రాత్రి దాన్ని మంచం కింద పెట్టి చార్జింగు చేస్తాడు. 36 వోల్టులకి షాకు కొట్టదు, భయం లేదంటాడు. నిజమేనా డాక్టరుగారూ?"

అమ్మా, అది సగమే నిజం. ఇక్కడ భయపడవలసింది షాకుకి కాదు, వేడికీ పొగకీ. ఈ సెల్స్‌లో మండే ద్రవం ఉంటుంది. చార్జి ఎక్కువైనా, సెల్ నలిగినా, షార్టయినా అది తనంతట తానే వేడెక్కి పక్క సెల్‌ను అంటిస్తుంది. అప్పుడు స్విచ్ ఆపినా ఆగదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులుంటాయి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మరణించారు. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జికి పాకి 8 మంది చనిపోయారు. అవన్నీ కంపెనీల సరుకే. ఇంట్లో కట్టినదానికి ఇంకెంత జాగ్రత్త కావాలో చూడండి!

అబ్బాయితో ఈ మాటలు చెప్పండి. ఉబ్బినవి, సొట్టపడినవి, ఎన్నాళ్లు వాడారో తెలియని సెల్స్ కలపకూడదు. సాధారణ సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. దాన్ని కనిపెట్టి ఆపే రక్షణ బోర్డు, ఆ బ్యాటరీకి తగిన చార్జరు తప్పనిసరి. పని చేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసేయాలి. ఉంగరం రెండు కొసలకీ తగిలితే క్షణంలో కాగి వేలు కాల్చేస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి. నిద్రపోతూ చార్జింగు వద్దు. మంచం కింద, గుమ్మం దగ్గర, మెట్ల కింద అసలే వద్దు. అక్కడ అంటుకుంటే బయటికి దారే ఉండదు.

బుసమన్న చప్పుడు, ఘాటు వాసన, తెల్లని పొగ వస్తే బ్యాటరీని చేత్తో ఎత్తబోకండి. అందరినీ బయటికి పంపి, తలుపు మూసి, 101కి ఫోను చేయండి.

ఒళ్లు కాలితే ధారగా పడే మామూలు నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. సిరా, పసుపు, టూత్‌పేస్టు, మంచుగడ్డ ఏదీ పెట్టవద్దు. బొబ్బలు చిదమవద్దు. వాచిపోకముందే గాజులు, ఉంగరాలు తీసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ద్రవం కంట్లో పడితే రెప్పలు తెరిచి నీటితో కడుగుతూనే ఉండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

పొగ పీల్చినవారు బాగానే ఉన్నామన్నా నమ్మవద్దు. ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. 108ని పిలిచి, కాలినది లిథియం బ్యాటరీ అని డాక్టరుకు తప్పక చెప్పండి.

అబ్బాయిని కోప్పడకండి. నేర్చుకోవాలన్న తపన మంచిదే. తెలిసిన మెకానిక్ దగ్గర నేర్చుకోమనండి. ఈ రాత్రికి మాత్రం ఆ బ్యాటరీని మంచం కింద నుంచి తీయించండి.